క్రిల్ చిన్న రొయ్య కాదు: అపోహలు, వాస్తవాలు

గూడూరు, వాకాడు వైపు వనామీ రొయ్యల రైతులకు క్రిల్ (రొయ్యలా కనిపించే చిన్న సముద్రజీవి) అంటే మేత బస్తా మీద కనిపించే పేరు. తిరుపతి మందుల షాపుల్లో అదే ఒమేగా-3 క్యాప్సూల్. రెండు చోట్లా వినిపించే అపోహల్లో ముఖ్యమైనవి ఇవి.

అపోహ: సంతలో అమ్మే సన్న ఎండు రొయ్యలే క్రిల్.

అవి ఎక్కువగా అసెటిస్ జాతివి, రొయ్యల వర్గంలోవే. క్రిల్‌ది యూఫాసియేసియా అనే వేరే వర్గం, 80కి పైగా జాతులున్నాయి. రొయ్యకు మొప్పలు తలపెంకు కింద దాగి ఉంటాయి. క్రిల్‌కు కాళ్ల మొదట్లో కుచ్చుల్లా బయటికే కనిపిస్తాయి. మేతకూ నూనెకూ వాడేది ప్రధానంగా అంటార్కిటిక్ క్రిల్. పొడవు 6 సెం.మీ. దాకా, బరువు సుమారు 2 గ్రాములు.

అపోహ: సైజు చూసి వయసు చెప్పొచ్చు.

వనామీ విషయంలో కొంతవరకు నిజం, క్రిల్ విషయంలో కాదు. మేత దొరక్కపోతే అది పెంకు విడిచిన ప్రతిసారీ ఇంకా చిన్నదవుతుంది. ప్రయోగశాలలో 200 రోజులకు పైగా మేత లేకుండా బతికిన క్రిల్ ఉన్నాయి. ఆయుష్షు 5, 6 ఏళ్లు.

అపోహ: మంచు కరిగితే నీళ్లు పెరుగుతాయి, క్రిల్ కూడా పెరుగుతుంది.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. వేసవిలో ఆడ క్రిల్ పైనీళ్లలో ఒక్క విడతకే వేల గుడ్లు పెడుతుంది. అవి వందల మీటర్ల లోతుకు దిగి పొదుగుతాయి. పుట్టిన నాప్లీ (తొలి దశ పిల్ల) పచ్చసొన మీదే బతుకుతూ పైకి ఈదుకొస్తుంది. హేచరీలో జోయియా దశ రొయ్యపిల్లకు వేళకు కీటోసెరాస్ నాచు అందకపోతే ట్యాంకు ఖాళీ అవుతుంది కదా, ఇక్కడా అంతే: పైకి చేరేసరికి సొన అయిపోతుంది, కొద్ది రోజుల్లో డయాటమ్‌లు (కంటికి కనిపించనంత సన్న నాచు) దొరకాలి. ఆ తర్వాత చలికాలం. పెద్ద క్రిల్‌లా లార్వా ఎక్కువ రోజులు పస్తుండలేదు. మంచుపలక అడుగున అంటుకున్న నాచును గీక్కుని తింటుంది. మంచు ఆలస్యంగా కట్టినా, త్వరగా విరిగినా ఆ ఏటి పిల్ల తగ్గిపోతుంది.

అపోహ: తిమింగలాలు తగ్గితే క్రిల్ మిగులుతుంది.

20వ శతాబ్దంలో దక్షిణార్ధగోళంలో సుమారు 20 లక్షల తిమింగలాలను చంపారు. క్రిల్ ఆ లెక్కన పెరగలేదు. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో డయాటమ్‌లు పెరగడానికి కావాల్సిన నైట్రేటుకు కొదవ లేదు, ఇనుమే కొరత. తిమింగలం క్రిల్‌ను తిని, అందులోని ఇనుమును విసర్జనతో పైనీళ్లలోనే వదులుతుంది. దానితో డయాటమ్‌లు, వాటితో మళ్లీ క్రిల్. శాస్త్రవేత్తలు ఇస్తున్న వివరణల్లో మాకు బలంగా కనిపించేది ఇదే.

అపోహ: కోట్ల టన్నులుంది, ఎంత పట్టినా తరగదు.

అంచనా 30 నుంచి 50 కోట్ల టన్నులు, నిజమే. కానీ వేట జరిగేది ఎక్కువగా అంటార్కిటిక్ ద్వీపకల్పం, స్కోషియా సముద్రం దగ్గర. పెంగ్విన్లు పిల్లల్ని సాకేదీ అక్కడే. అందుకే మొత్తం లెక్క కాదు, ఏ చోట, ఏ నెలలో పడుతున్నారన్నదే చూడాలి. 1982లో అమల్లోకి వచ్చిన అంటార్కిటిక్ సముద్రజీవుల సంరక్షణ ఒప్పందం కింద వేటకు పరిమితులున్నాయి. మన దేశమూ అందులో సభ్యురాలే.

అపోహ: క్రిల్ ఉన్న మేత వేస్తే జబ్బులు రావు.

క్రిల్ పొడి రొయ్యను మేత దగ్గరికి రప్పించే వాసన. మేతలో 2 నుంచి 5 శాతం చాలు. వైట్ స్పాట్, ఈహెచ్‌పీ అనే రొయ్యల జబ్బులకు అది మందు కాదు. చెరువులో ఆక్సిజన్ పడిపోయినా, అమ్మోనియా పెరిగినా, క్రిల్ కలిపిన మేతైనా చెక్‌ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) మిగిలే ఉంటుంది. కొవ్వు ఎక్కువ కాబట్టి పొడి త్వరగా ముక్కిపోతుంది: చెమ్మ, ఎండ తగలకుండా నేలకు ఎత్తుగా పెట్టాలి. ముక్కిన వాసన వస్తే వాడొద్దు.

క్యాప్సూల్ సంగతి ఒక్కటే: రొయ్యలు పడనివాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా వేసుకోకూడదు.