తాతయ్య చర్చికి ఎందుకు రాడు?

పిల్లలూ,

మొన్న క్రిస్మస్‌కి ఒంగోలు వచ్చినప్పుడు "తాతయ్యా, నువ్వు చర్చికెందుకు రావు?" అని అడిగారు. నాన్నమ్మ ఎదురుగా ఉందని అప్పుడు మాట దాటేశాను.

ముందు ఈ మతం మనింటికి ఎలా వచ్చిందో చెప్తాను. 1876లో మొదలైన పెద్ద కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. ఒంగోలు బాప్టిస్టు మిషనులో ఉన్న క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని, పస్తులున్నవాళ్లకి కూలి పని ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తాత కూడా ఆ రోజుల్లోనే మునిగాడని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. "గంజి కోసం మారారు" అని ఎగతాళి చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గుడి గడప తొక్కనివ్వకుండా, ఊరి బావిలో చేద వేయనివ్వకుండా తరిమినవాళ్లని ఎవరో పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పితే వెళ్లరా? నేనైనా వెళ్లేవాణ్ణి.

మరి నేనెందుకు మానేశానంటే, పెద్ద కారణం మా చెల్లెలు. తనకి టీబీ. మందులతో కాస్త తేరుకుంది. అంతలో ఒక స్వస్థత కూటంలో ప్రార్థన చేసినాయన "ఇంక మందులొద్దు, విశ్వాసం చాలు" అన్నాడు. టీబీ మందులు మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఒక్కోసారి ఆ మందులకే లొంగకుండా పోతుంది. చెల్లెలు పోయింది. "మీ ఇంట్లో విశ్వాసం చాల్లేదు" అన్నారు. బాగుపడితే దేవుడి మహిమ, పోతే మన లోపం! సాక్ష్యం చెప్పడానికి మైకు దగ్గరికి వచ్చేది నయమైనవాళ్లే కదా. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగలోనూ అంతే, కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి స్వర్ణాల చెరువులో రొట్టె పంచుతారు. తీరనివాళ్ల లెక్క ఎవరి దగ్గరుంది?

ఇంకోటి కులం. అంటరానితనం వదిలించుకుందామని వెళ్లిన చోట కూడా మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరు. పెళ్లి సంబంధాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మిమ్మల్ని చర్చి మానమనడం లేదు. పెద్దోడా, ఈస్టరుకి బాప్తిస్మం తీసుకుంటావట. తీసుకో, నేనూ వచ్చి కూర్చుంటా. ఎవరైనా మందులు మానమంటే మాత్రం లేచి వచ్చేయ్. ఇక ఈ ఉత్తరం పట్టుకుని నాన్నమ్మతో వాదనకి దిగకండి. చెల్లెలు పోయాక నేను ప్రార్థన మానేశాను, ఆమె ఇంకా ఎక్కువ చేసింది. ఎందుకో ఆమెనే అడగండి.

మీ తాతయ్య