లెడ్జర్ల నాటి బ్యాంకు ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

నేను 1983లో ఒక జాతీయ బ్యాంకు శాఖలో గుమస్తాగా చేరాను. కంప్యూటరు లేని ఆ కాలపు బ్యాంకు గురించి ఇప్పటి యువ ఉద్యోగులూ, నాతో పాటు పదవీ విరమణ చేసిన మిత్రులూ చెప్పుకొనే మాటల్లో కొన్ని నిజం కావు. కౌంటరుకు లోపలి వైపు కూర్చున్నవాడిగా నాకు తెలిసినంతలో వాటిని సరిచేస్తున్నాను.

అపోహ: మధ్యాహ్నం రెండింటికి కౌంటరు మూసేశాక బ్యాంకువాళ్లకు పని ఉండేది కాదు.

వాస్తవం: రెండింటికి ఖాతాదారుల పని ముగిసి, పుస్తకాల పని మొదలయ్యేది. ఆ రోజు చేతులు మారిన ప్రతి చెక్కూ, ప్రతి చలానా ఒక వోచరు. వాటిని పద్దుల వారీగా విడదీసి, డెబిట్లూ క్రెడిట్లూ వేర్వేరుగా కూడి, డే బుక్కులో ఎక్కించి, చివరకు జనరల్ లెడ్జరులో, అంటే శాఖలోని అన్ని పద్దుల మొత్తాలుండే పుస్తకంలో, తేల్చాలి. రెండు వైపుల మొత్తాలూ పైసలతో సహా కలిస్తేనే టాలీ అయినట్టు. కలవకపోతే ఎవరూ ఇంటికి కదిలేవారు కాదు. తేడా పట్టే కిటుకులు సీనియర్లు నాకు మొదటి వారంలోనే నేర్పారు. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగితమైతే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయని అనుమానించాలి. 540 వేయవలసిన చోట 450 వేస్తే 90 తేడా వస్తుంది. తేడాలో సరిగ్గా సగం మొత్తానికి వోచరు కనిపిస్తే, దాన్ని డెబిట్‌కు బదులు క్రెడిట్‌లో వేశారేమో చూడాలి. రెండూ ఫలించకపోతే ఒకరు వోచరు చదువుతుండగా మరొకరు పుస్తకంలో టిక్కు పెట్టుకుంటూ మొదటి నుంచి రావలసిందే.

ఒక రాత్రి తొమ్మిది దాటినా ముప్ఫై పైసలు తేలలేదు. నా జేబులోంచి వేసేస్తానని నేను అన్నాను. మా అకౌంటెంటు గారు కోప్పడలేదు. "వేయవచ్చు బాబూ. కానీ ఒక తప్పు వెయ్యి రూపాయలు ఎక్కువై, ఇంకో తప్పు వెయ్యి తక్కువై, ఆ రెంటి మధ్య మిగిలింది ముప్ఫై పైసలైతేనో?" అన్నారు. మళ్లీ మొదటి వోచరు నుంచి మొదలుపెట్టాం.

అపోహ: డబ్బు కోసం చెక్కు ఇస్తే నంబరున్న టోకెను చేతికిచ్చి గంటసేపు కూర్చోబెట్టడం ఒట్టి నిర్లక్ష్యం.

వాస్తవం: ఇత్తడి టోకెను మీ చేతికి వచ్చాక చెక్కు ప్రయాణం మొదలయ్యేది. లెడ్జరు గుమస్తా మీ ఖాతా పుట తీసి, నిల్వ చాలుతుందని చూసి, ఖర్చు రాసేవాడు. ఆఫీసరు ఆ పద్దును సరిచూసి, సంతకాన్ని నమూనా కార్డుతో పోల్చి పాస్ చేసేవాడు. ఆ తరువాతే చెక్కు క్యాషియరు దగ్గరికి చేరేది. అయితే ఆలస్యంలో మా కబుర్ల వాటా బొత్తిగా లేదని మాత్రం ప్రమాణం చేయలేను.

అపోహ: నగదు తగ్గితే బ్యాంకు భరించేది, మిగిలితే క్యాషియరు అదృష్టం.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. తగ్గినది క్యాషియరు కట్టుకోవాలి, మిగిలినది బ్యాంకు పద్దులో జమ చేయాలి. క్యాషులో కూర్చున్న తొలి నెలలోనే నేను వంద రూపాయలు కట్టుకున్నాను. నోట్ల కట్టలకు పిన్నులు కొట్టడాన్ని రిజర్వు బ్యాంకు 2001లో నిషేధించింది. అంతకు ముందు ఆ పిన్నులు ఊడదీయడంలో పోయిన గోళ్లకు ఏ పద్దూ లేదు.

అపోహ: స్ట్రాంగ్ రూము తాళాలు మేనేజరు చేతిలో ఉండేవి.

వాస్తవం: ఒక తాళంచెవి మాత్రమే. రెండోది క్యాషు చూసే మనిషి దగ్గర ఉండేది, ఇద్దరూ కలిస్తే తప్ప తలుపు తెరుచుకునేది కాదు.

అపోహ: పొదుపు ఖాతాకు ఎప్పుడూ రోజువారీ నిల్వ మీదే వడ్డీ ఇచ్చేవారు.

వాస్తవం: ఆ పద్ధతి 2010 ఏప్రిల్ 1న వచ్చింది. అంతకు ముందు ప్రతి నెలా పదో తేదీ నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వకే వడ్డీ దక్కేది. పదకొండున తీసి పన్నెండున తిరిగి కట్టినా, ఆ మొత్తంపై నెల వడ్డీ పోయినట్టే. మేము ప్రతి ఖాతాకూ నెలకొక ప్రొడక్టు, అంటే వడ్డీ లెక్కకు తీసుకునే ఆ నెల కనిష్ఠ నిల్వ, రాసి, అర్ధ సంవత్సరానికి కూడి, వడ్డీ కట్టేవాళ్లం. ఖాతా సంవత్సరం అప్పట్లో డిసెంబరు 31తో ముగిసేది. మార్చి 31 ముగింపు 1989లో వచ్చింది. కొత్త సంవత్సరాన్ని చాలాసార్లు లెడ్జర్ల మధ్యనే చూశాం.

అపోహ: చేతిరాత కాలంలో లెక్కలు ఇప్పటికంటే నికరంగా ఉండేవి.

వాస్తవం: ఈ అపోహను వ్యాప్తి చేసేది మాబోటి విశ్రాంత ఉద్యోగులమే. రోజూ టాలీ అయ్యేవి ఆనాటి మొత్తాలు మాత్రమే. ఒక్కొక్క ఖాతాలోని నిల్వలన్నీ కూడి జనరల్ లెడ్జరుతో పోల్చే బ్యాలెన్సింగు వేరే పని, అది చాలా శాఖల్లో నెలల తరబడి బకాయి పడేది. యాంత్రీకరణపై రంగరాజన్ కమిటీ 1984లో నివేదిక ఇచ్చిన తరువాత ఖాతాల పద్దులు ఎక్కించే లెడ్జరు పోస్టింగు యంత్రాలు రావడం మొదలైంది. వాటికి వ్యతిరేకంగా బ్యాడ్జీ పెట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. మా శాఖకు యంత్రం వచ్చే ముందు పాత లెడ్జర్లన్నీ బ్యాలెన్సు చేయవలసి వచ్చింది, ఏళ్లుగా దాగిన తేడాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. వాటిలో ఒకటి 180 రూపాయలు, తొమ్మిదితో నిశ్శేషంగా భాగితమవుతుంది. వెతికి వెతికి పట్టుకుంటే, నేను చేరిన ఏడాదే ఒక ఖాతా నిండిన పుట నుంచి కొత్త పుటకు మారినప్పుడు 1,640 నిల్వ 1,460గా దిగింది. ఆ చేతిరాత నాదే.