మందు లేకుండానే వైరస్‌ను అదుపు చేసేవాళ్లు

పెదవాల్తేరు, విశాఖపట్నం

చి. రమ్యకు, చి. కార్తీక్‌కు తాతయ్య ఆశీస్సులు.

హెచ్ఐవి సోకినా మందు వేసుకోకుండా ఆరోగ్యంగా ఉండేవాళ్లు నిజంగా ఉంటారా అని రమ్య అడిగింది కదా. ఉంటారమ్మా. కాకపోతే నూటికి ఒక్కరు కూడా ఉండరు. వాళ్లను ఎలైట్ కంట్రోలర్లు అంటారు. మందు వాడనివాళ్ల రక్తంలో మామూలుగా మిల్లీలీటరుకు వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో ఉండే వైరస్ కాపీలు వీళ్లలో 50 కూడా దాటవు.

ఈ వైరస్ దూరేది రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన సీడీ4 కణాల్లోకి. అలా వైరస్ దూరిన కణాలను వెతికి చంపేవి మరో రకమైన సీడీ8 కణాలు. లోపల వైరస్ ఉందని వాటికెలా తెలుస్తుంది? మన కణాలు దాదాపు అన్నీ లోపల తయారైన ప్రొటీన్ల ముక్కల్ని పైకి తెచ్చి చూపిస్తుంటాయి. ఆ ముక్కను పట్టుకుని నిలబడేది హెచ్ఎల్ఏ అనే అణువు. అది ఏ రకమన్నది అమ్మానాన్నల నుంచి వచ్చేదే. కంట్రోలర్లలో బి57, బి27 రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. 2010లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన, ఆ అణువులో ముక్కను పట్టుకునే గాడిలోని కొద్దిపాటి అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌ను కట్టే ఇటుకల) తేడాయే ఇందులో కీలకమని తేల్చింది.

బి57 పట్టి చూపించే ముక్కలు ఎక్కువగా వైరస్ లోపలి పెంకు కట్టే గ్యాగ్ ప్రొటీన్‌వి. హెచ్ఐవి రూపం మార్చుకుని తప్పించుకోవడంలో ఆరితేరిందే, కానీ అక్కడ మారితే దానికే నష్టం. వేట నిషేధం రోజుల్లో మన ఫిషింగ్ హార్బర్‌లో పడవలకు రంగులేస్తారు చూడండి. రంగు ఏటా మార్చినా పడవకేం కాదు, అడుగున ఉండే దూలాన్ని కదిపితే మాత్రం పడవ నిలవదు. సరిగ్గా ఆ దూలం దగ్గరే వీళ్ల సీడీ8 కణాలు కొడతాయి. పైగా తొందరగా అలిసిపోవు, అవసరమైనప్పుడు గబగబా పెరుగుతాయి.

బి57 ఉన్నవాళ్లందరూ కంట్రోలర్లు కారు, కంట్రోలర్లందరికీ బి57 ఉండదు. అంటే కథ ఇంకా ఉంది. హెచ్ఐవి తన జన్యువులను మన కణాల డీఎన్ఏలోనే కలిపేస్తుంది. 2020లో 64 మంది కంట్రోలర్లను పరిశీలిస్తే, చెక్కుచెదరని వైరస్ జన్యువులు చాలావరకు వాళ్ల డీఎన్ఏలో చురుకు లేని మూలల్లో, నోరు మెదపకుండా పడి ఉన్నాయి. చురుకైన చోట్ల చేరిన వైరస్‌ను సీడీ8 కణాలు ఏళ్ల తరబడి ఏరేశాయని శాస్త్రవేత్తల ఊహ. నాకూ అదే సబబనిపిస్తుంది. అదే పరిశోధనలో లోరీన్ విలెన్‌బర్గ్ అనే కాలిఫోర్నియా మహిళ రక్తంలో 150 కోట్లకు పైగా కణాలు గాలించినా పూర్తి వైరస్ ఒక్కటీ దొరకలేదు. ఆమెకు అది సోకింది 1992లో!

అలాగని వీళ్లకు ఇక ఫరవాలేదనుకోవద్దు. కొందరికి ఏళ్ల తర్వాత అదుపు తప్పుతుంది, ఒంట్లో వాపు ప్రక్రియ లోలోపల సాగుతూనే ఉంటుంది. మిగతా అందరికీ వైరస్‌ను అణిచిపెట్టే ఏఆర్‌టీ మాత్రలే దిక్కు, మన కేజీహెచ్ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు.

కార్తీక్, నీకు బి57 ఉందో లేదో చూపించుకుంటానన్నావు. ఎందుకురా? ఆ పరీక్షతో డాక్టర్లకు పని పడేది వేరే చోట. హెచ్ఐవికి వాడే అబకావిర్ అనే మందు, బి57లోనే 5701 అనే రకం ఉన్నవాళ్లలో చాలామందికి పడదు, ప్రాణం మీదికి కూడా వస్తుంది. అందుకే చాలా దేశాల్లో ఆ మందు మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష చేస్తారు.

మీ
తాతయ్య