పాకం చుక్క నుంచి మెమరీ చిప్ దాకా: వరుస తప్పిన పదార్థంలో కరెంటు ఎలా నడుస్తుంది

పల్లీపట్టీ చేసేటప్పుడు మా అమ్మ పొయ్యి పక్కన ఒక గిన్నెలో చల్లని నీళ్లు పెట్టుకునేది. ఉడుకుతున్న బెల్లం పాకంలోంచి గరిటె అంచుతో ఒక్క చుక్క ఆ నీళ్లలో వదిలేది. వేలితో నొక్కితే మెత్తగా సాగిందా, ఇంకాసేపు మంట. గట్టిపడిన చుక్కను తీసి స్టీలు పళ్లెంలో వేస్తే టంగుమని మోగిందా, పాకం వచ్చినట్టే. ఆ చుక్కను వెలుతురుకు పట్టి చూస్తే ముదురు రంగు గాజుపూసలా ఉండేది. కంప్యూటర్ మెమరీలో ఒక రకం దాదాపు ఇదే పని చేస్తుందని, మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టాకే నాకు తెలిసింది.

కరిగిన పదార్థం నిదానంగా చల్లారితే దానిలోని పరమాణువులు వరుసలు కట్టుకుంటాయి. అది స్ఫటికం. మన పాలమూరు, నల్లగొండ గుట్టల్లో గ్రానైట్ బండ పగలగొడితే తళుక్కుమనే రవ్వలు అవే. భూమి లోపల ఎంతో కాలం పట్టి చల్లారిన రాయి అది. అదే ఒక్కసారిగా చల్లారిస్తే పరమాణువులు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. అది గాజు.

నేను మొదట చెప్పిన ఆ మెమరీ పేరు ఫేజ్ చేంజ్ మెమరీ. దానిలో వాడేది జెర్మేనియం, యాంటిమొనీ, టెల్లూరియం కలిసిన మిశ్రమం. కరెంటుతోనే దాన్ని సుమారు 600 డిగ్రీలు దాటించి కరిగిస్తారు. సెకనులో కోటోవంతు కూడా పట్టకుండా చల్లారిస్తే గాజవుతుంది, కరెంటును గట్టిగా అడ్డుకుంటుంది. కరగనివ్వకుండా ఒక మోస్తరు వేడిలో కాసేపు ఉంచితే స్ఫటికమవుతుంది, కరెంటు సులువుగా పోతుంది. రెండింటి నిరోధంలో తేడా వెయ్యి రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఒక స్థితిని 0 అనుకుంటే రెండోది 1. అలా 0నో 1నో నిలుపుకునే ఒక్కో గడి ఒక బిట్. పవర్ పోయినా గాజు గాజుగానే ఉంటుంది కనుక రాసింది చెరిగిపోదు.

ఏఐ చిప్పుల వార్తలు చూసి మా బీఎస్సీ పిల్లలు ఈ మెమరీ గురించి అడుగుతున్నారు. వాళ్ల పాఠాల్లో ఉన్నదంతా స్ఫటికమే. గాజులో కరెంటు ఎలా నడుస్తుందో చెప్పే పేజీ లేదు. ఆ లోటు పాఠ్యపుస్తకంతో మొదలైంది కాదు, చాలాకాలం ఫిజిక్స్‌లోనే ఉంది.

1928లో ఫెలిక్స్ బ్లాక్ ఒక లెక్క కట్టాడు. సాళ్లు తప్పకుండా విత్తిన పల్లీ చేనులా పరమాణువులు సమాన దూరాల్లో ఉంటే, ఎలక్ట్రాన్ అల ఆ సాళ్ల మధ్య అడ్డు లేకుండా సాగిపోతుంది. 1931లో అలన్ విల్సన్ దాని మీదే నిలబడి కరెంటు సులువుగా పోనిచ్చే లోహానికీ, పోనివ్వని బంధకానికీ, రెండింటి మధ్యనుండే సెమీకండక్టర్‌కూ తేడా చెప్పాడు. 1947లో బెల్ ల్యాబ్స్‌లో జెర్మేనియంతో మొదటి ట్రాన్సిస్టర్ వచ్చింది. ఇక అందరి దృష్టీ ఇంకా శుద్ధమైన, ఇంకా క్రమమైన స్ఫటికం మీదే. వరుస లేనిదాన్ని పనికిరాని సరుకుగా చూశారు.

1955లో సోవియట్ యూనియన్‌లోని లెనిన్‌గ్రాడ్‌లో నీనా గొర్యునోవా, బోరిస్ కొలొమియెట్స్ కొన్ని సెలీనియం గాజులు సెమీకండక్టర్లుగా పనిచేస్తున్నాయని చూపించారు. అక్కడే ఇయోఫె, రెగెల్ దానికి ఒక కారణం చెప్పారు. ఊరంతా ఒక వరుసలో లేకపోయినా ప్రతి ఇంటికీ ఇరుగుపొరుగు కుదురుగా ఉంటే చాలు అన్నట్టు, ప్రతి పరమాణువుకూ పక్కవాటితో బంధాలు సరిగా ఉంటే సెమీకండక్టర్ గుణం నిలుస్తుంది. 1958లో ఫిలిప్ ఆండర్సన్ మరో వైపు నుంచి వచ్చాడు. క్రమరాహిత్యం ఒక హద్దు దాటితే ఎలక్ట్రాన్ అల చెదిరి చెదిరి, తనతో తానే తలపడి, ఒకచోట చిక్కుకుపోతుందన్నాడు.

చిక్కుకుపోతే మరి కరెంటు ఎలా పోతోంది? దీనికి 1960ల చివర్లో నెవిల్ మాట్ ఇచ్చిన జవాబును నేను క్లాసులో దుందుభి వాగుతో చెబుతాను. చిన్నప్పుడు అమ్మమ్మ ఊరికి పోవాలంటే ఆ వాగు దాటాలి. నీళ్లు పారుతుంటే బండ మీద నుంచి బండ మీదికి దూకడమే. పొద్దున ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు, పక్కనున్న బండ ఎత్తుగా ఉన్నా ఎక్కేసేవాళ్లం. సాయంత్రం అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు ఎత్తు ఎక్కలేక, కాస్త దూరమైనా మనమున్న మట్టంలోనే ఉన్న బండను వెతుక్కునేవాళ్లం. ఎలక్ట్రాన్‌కు ఆ సత్తువ వేడి నుంచి వస్తుంది. వేడిగా ఉంటే దగ్గరి గెంతు. చలి పెరిగేకొద్దీ గెంతు దూరమవుతుంది, కరెంటు తగ్గిపోతుంది. ఎంతగా తగ్గుతుందో ఉష్ణోగ్రతతో ముడిపెట్టి మాట్ ఒక సూత్రమే ఇచ్చాడు. 1977లో ఆండర్సన్, మాట్, వాన్ వ్లెక్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

ఈ కథలో నాకు బాగా ఇష్టమైన మనిషికి మాత్రం డిగ్రీ కూడా లేదు. స్టాన్‌ఫర్డ్ ఓవ్‌షిన్‌స్కీ 1922లో అమెరికాలోని ఏక్రన్‌లో పుట్టాడు. తండ్రి పాత ఇనుము సేకరించి అమ్మేవాడు. కొడుకు లేత్ మెషీన్ల పనివాడయ్యాడు. మెదడులో నరాల కణాలు ఒక స్థాయి దాటగానే చురుక్కున స్పందించడం చదివి, అలా స్పందించే పదార్థం తయారు చేయాలనుకున్నాడు. టెల్లూరియం గాజుల పలుచటి పొర మీద వోల్టేజీ పెంచుతూ పోయాడు. ఒక హద్దు దాకా దాదాపు ఏమీ లేదు. హద్దు దాటగానే గేటు తెరిచినట్టు కరెంటు పారింది. కొన్ని గాజుల్లో వోల్టేజీ తీసేస్తే మళ్లీ గేటు మూసుకుంది, కొన్నింటిలో తెరిచే ఉండిపోయింది. తెరిచి ఉండిపోవడమంటే గుర్తుపెట్టుకోవడమే. 1968 నవంబర్‌లో ఫిజికల్ రివ్యూ లెటర్స్ అనే శాస్త్ర పత్రికలో దీని మీద అతని వ్యాసం వచ్చింది, వార్తాపత్రికలు మొదటి పేజీలో వేశాయి. చాలామంది శాస్త్రవేత్తలు అనుమానంగా చూశారు. మాట్ మాత్రం అతని పనిని గౌరవించాడు.

ఆ గేటు ఎందుకు తెరుచుకుంటుందన్న తగాదా ఏళ్ల తరబడి నడిచింది. కరెంటు పోయే సన్నని దారి వేడెక్కి తెరుచుకుంటోందని కొందరు, వేడి కన్నా ముందే ఎలక్ట్రాన్లే తెరుస్తున్నాయని కొందరు. 1980లో డేవిడ్ ఆడ్లర్ బృందం ఎలక్ట్రాన్ల పక్షాన గట్టిగా వాదించింది. ఇప్పుడు ఎక్కువమంది మొగ్గు అటే.

1970 సెప్టెంబర్‌లోనే ఇంటెల్ స్థాపకుల్లో ఒకడైన గోర్డన్ మూర్, ఓవ్‌షిన్‌స్కీ కంపెనీవాళ్లు కలిసి 256 బిట్ల మెమరీని చూపించారు. కానీ ఆనాటి పెద్ద పెద్ద బిట్లను కరిగించడానికి కరెంటు విపరీతంగా కావాల్సి వచ్చింది, సిలికాన్ ముందుకెళ్లిపోయింది. ఈ గాజు ముందుగా మన ఇళ్లకు వచ్చింది వేరే రూపంలో. క్లాక్ టవర్ దగ్గర షాపుల్లో కొని, మళ్లీ మళ్లీ చెరిపి రాసుకున్న రీరైటబుల్ సీడీలు ఆ జాతి మిశ్రమాలే. అక్కడ కరెంటుకు బదులు లేజర్.

బిట్లు చిన్నవయ్యేకొద్దీ కరిగించే కరెంటు తగ్గింది, పాత ఆలోచనకు ప్రాణం వచ్చింది. 2015లో ఇంటెల్, మైక్రాన్ ప్రకటించిన మెమరీని విప్పి చూసినవాళ్లకు లోపల కనిపించింది ఇదే మిశ్రమం. 2017లో ఆప్టేన్ పేరుతో అమ్మకానికి వచ్చింది, ఖర్చు గిట్టుబాటు కాక 2022లో ఇంటెల్ ఆపేసింది. అయినా పరిశోధన ఆగలేదు. ఒక్కో బిట్‌ను పూర్తి గాజుగా, పూర్తి స్ఫటికంగా కాక మధ్య స్థాయుల్లో ఉంచగలిగితే, ఏఐకి కావలసిన గుణకారాలు మెమరీలోనే జరిగిపోతాయి. డేటాను అటూ ఇటూ మోసే కరెంటు మిగులుతుంది.

దానికి అడ్డం వస్తున్నది గాజు స్వభావమే. రాసిపెట్టిన నిరోధం ఉన్నచోట ఉండదు, మెల్లగా పెరుగుతూ పోతుంది. రాసిన ఒక సెకనుకు ఉన్నదాని కన్నా పది సెకన్లకు సుమారు పాతిక శాతం ఎక్కువ, వంద సెకన్లకు మళ్లీ అంత. 0, 1 మాత్రమే ఉంటే ఇబ్బంది లేదు. మధ్యలో నాలుగైదు స్థాయులు పెట్టుకుంటే ఒకటి పోయి ఇంకోదాని గడిలో పడుతుంది. తొందరగా బిగుసుకున్న పరమాణువులు తర్వాత తీరికగా సర్దుకుంటున్నాయన్నది ఎక్కువమంది చెప్పే కారణం. వాగులో బండలు కొద్దికొద్దిగా జరిగితే గెంతులు కష్టమైనట్టు. పదార్థంలో చిక్కుకున్న ఎలక్ట్రాన్లే కారణమని కొందరంటున్నారు. వాళ్లు మైనస్ 100 డిగ్రీల కన్నా కింది చలిలో, పరమాణువులు సర్దుకోవడం దాదాపు ఆగిపోవాల్సిన చోట కొలిచారు. అక్కడ కూడా నిరోధం పెరుగుతూనే ఉంది.