ముక్కంటికి బొట్టు ఎక్కడ పెట్టాలి?

బరంపురంలో పట్టుచీరల కొట్టు నడిపే ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: "దసరాకి పూజ చేసి తక్కెడకి, కత్తెరకి, గల్లాపెట్టెకి బొట్లు పెట్టేం. డబ్బులు కట్టే క్యూఆర్ కోడుకీ పెట్టేం. తెల్లారి నుంచి ఒక్క ఫోనూ దాన్ని తీసుకోవట్లేదు. పక్క కొట్టువాళ్ళూ పెట్టేరు, వాళ్ళది బాగానే ఉంది. పూజలో లోపం జరిగిందని మా నాన్నగారు అంటున్నారు. ఏటి తేడా?"

నాన్నగారిని కంగారు పడొద్దనండి. పూజలో లోపం లేదు, బొట్టు పెట్టిన చోటులో ఉంది. పక్కవాళ్ళు నడిమధ్యన ఒక్కటి పెట్టి ఉంటారు. మీరు మూడు మూలలా మూడు పెట్టి ఉంటారు. ఆ మూలల్లో ఉన్న పెద్ద చదరాలు చూస్తే ఎవరికైనా అక్కడే పెట్టాలనిపిస్తుంది. పెట్టకూడని చోటు సరిగ్గా అదే.

క్యూఆర్ కోడు ముక్కంటి. నాలుగు మూలల్లో మూడింటికి కళ్ళుంటాయి. ఒక్కో కన్ను 7 గడుల వెడల్పు: బయట నల్లచట్రం, లోపల తెల్లచట్రం, నడుమ 3×3 నల్లటి గుడ్డు. ఆ కంటి మధ్యగా ఏ దిక్కున గీత గీసినా నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, నలుపు వరస 1:1:3:1:1 పాళ్ళలో వస్తుంది. అడ్డంగా గీసినా, నిలువుగా గీసినా, ఏటవాలుగా గీసినా పాళ్ళు మారవు. ఫోను తలకిందులుగా పట్టుకున్నా కోడు చదవగలగడానికి కారణం ఇదే. 1994లో జపాన్‌లోని డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం దీన్ని తయారుచేసింది కారు విడిభాగాల పెట్టెల కోసం. అచ్చు కాగితాల మీద మామూలుగా ఏ నలుపు తెలుపు పాళ్ళు చాలా అరుదుగా వస్తాయో వెతికి మరీ ఈ వరసను ఎంచుకున్నారు. బిల్లు మీది అక్షరాలో, చీర అంచులో కన్నులా కనబడి కెమెరాను మోసం చెయ్యకూడదు కదా!

ఫోను ముందు చేసే పని ఈ మూడు కళ్ళనీ వెతకడం. అవి దొరికితేనే కోడు ఎక్కడుంది, ఎటు తిరిగింది, గడి ఎంత పెద్దది అన్నవి తేలతాయి. తర్వాతే చదువు. కోడుకి మరకలు పడితే దిద్దుకునే శక్తి ఉందని అందరూ వినే ఉంటారు. ఆ శక్తి లోపలి గడులకే గాని కళ్ళకు లేదు. కన్ను పోతే దిద్దుబాటు దాకా కథ వెళ్ళదు.

మీ బోర్డు మీది కోడు వైపుకి 41 గడులు, అచ్చు 8 సెంటీమీటర్లు అనుకుందాం. గడి సుమారు 2 మిల్లీమీటర్లు, కన్ను 14, నడుమ గుడ్డు 6. ఉంగరపు వేలితో పెట్టిన పసుపు బొట్టు 10 మిల్లీమీటర్లు ఉన్నా గుడ్డు పూర్తిగా మునిగిపోతుంది.

ఇక రంగుల సంగతి. చదివే యాప్ మామూలుగా బొమ్మను బూడిదరంగులోకి మార్చుకుంటుంది. వాడుకలో ఉన్న లెక్క: ఎరుపులో 0.299, ఆకుపచ్చలో 0.587, నీలంలో 0.114 వంతు కలపడం. తెలుపు 255, నలుపు 0 అయితే నికార్సైన పసుపు 226, నికార్సైన ఎరుపు 76. అంటే ఫోను కంటికి పసుపు తెలుపు కింద లెక్క, కుంకుమ నలుపు కింద లెక్క! పసుపు నల్లగడులను చెరుపుతుంది, తెల్లగడుల మీద పడితే హాని లేదు. కుంకుమ తెల్లగడులను చెరుపుతుంది, నల్లగడుల మీద పడితే హాని లేదు. కాబట్టి కంటి గుడ్డు సరిగ్గా నడుమ, దాన్ని దాటకుండా చిన్న కుంకుమ చుక్క పెడితే మామూలు వెలుగులో కోడుకేమీ కాదు. మనం పసుపు పెట్టి దాని మీద కుంకుమ పెడతాం. బయట తెల్ల ఉంగరం, లోపల నల్లచుక్క. కంటిలో కొత్త కన్ను పుడుతుంది, పాళ్ళు చెడతాయి.

కౌంటరు మీద వాడే చేతి స్కానర్లలో కొన్ని ఎర్రలైటు వేసి చదువుతాయి. ఎర్రటి వెలుగులో ఎర్రటి కుంకుమ తెల్లగా కనిపిస్తుంది. అక్కడ లెక్క తిరగబడుతుంది.

ఇప్పుడు పక్క కొట్టు సంగతి. నడిమధ్యన పెట్టిన బొట్టు కింద గడులు కనబడట్లేదు. కనబడని అంకెలు ఫోనుకి ఎలా తెలిశాయి? ఈ వ్యాసంలో నాకు అసలు ఇష్టమైన చోటు ఇదే, కాస్త ఓపిక పట్టండి.

మీకు రెండే అంకెలు పంపాలనుంది: 7, 3. వాటిని అలాగే పంపితే ఒకటి చెరిగినా పని ఆగిపోతుంది. అందుకని ఒక సరళరేఖ తయారుచేద్దాం: 7తో మొదలై, అడుగుకి 3 పెరిగేది. ఆరు అడుగుల్లో వచ్చేవి 7, 10, 13, 16, 19, 22. ఈ ఆరూ పంపుదాం. దారిలో మూడోది 18గా, ఐదోది 11గా మారిపోయాయి. అవతలివాడికి అందింది 7, 10, 18, 16, 11, 22. ఏవి తప్పో వాడికి తెలీదు. గళ్ళకాగితం మీద ఆరు చుక్కలూ పెట్టి చూస్తే నాలుగు చుక్కలు ఒకే గీత మీద ఉంటాయి, రెండు పక్కకి తప్పుకుని ఉంటాయి. ఇంకే గీత గీసినా నాలుగు చుక్కలు దాని మీద పడవు. ఎందుకంటే రెండు వేర్వేరు గీతలు ఒక్క చోటే కలుస్తాయి. దొంగగీత మీద నిజమైన చుక్క ఒకటి మించి ఉండదు, తప్పు చుక్కలు రెండూ చేరినా మొత్తం మూడే. నాలుగున్నదే గెలుస్తుంది. 7, 3 తిరిగొచ్చాయి.

తప్పులు మూడైతే? ఆ మూడూ ఒక నిజం చుక్కతో కలిసి దొంగగీత మీద పడే వీలుంది, అప్పుడు మోసపోతాం. కాబట్టి నాలుగు అదనపు చుక్కలు పంపితే రెండు తప్పులే దిద్దగలం. అదే ఏవి చెరిగాయో ముందే తెలిస్తే? నాలుగు చెరిగినా మిగిలిన రెండు చుక్కలు కలిపి గీత గీసేయొచ్చు. చెరిగిన చోటు తెలిస్తే ఒక తప్పుకి ఒక అదనం చాలు, తెలియకపోతే రెండు కావాలి. పదో తరగతిలో సరళరేఖ సమీకరణాలు నెలల తరబడి చేయిస్తారు. ఇవి జేబులోని ఫోను దాకా వచ్చాయని ఒక్క పూట చెబితే ఆ పాఠం ఇంకోలా ఉండేది.

1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అనే గణితజ్ఞులు చేసిన పని దీనికి పెద్దన్న, క్యూఆర్ కోడు వాడేది దాన్నే. గీతకు బదులు ఎక్కువ వంపులున్న వక్రరేఖ, రెండంకెలకు బదులు ఎక్కువ అంకెలు. వైపుకి 29 గడులుండే వెర్షన్ 3 కోడు తీసుకోండి. అందులో 70 బైట్లు పడతాయి, ఒక్కో బైటూ 0 నుంచి 255 దాకా ఉండే ఒక అంకె. దిద్దుబాటు స్థాయిల్లో గట్టిదైన హెచ్ ఎంచుకుంటే అవి 35 చొప్పున రెండు కట్టలవుతాయి. కట్టకి 13 అసలు సమాచారం, 22 అదనం. 22లో సగం 11. కట్టకి 11 చొప్పున మొత్తం 22 బైట్లు తప్పుపోయినా వెనక్కి తెచ్చుకోవచ్చు. అంకెలు 255 దాటకుండా అంకగణితాన్నే మార్చేశారు. కూడిక అంటే ఇక్కడ ఎక్సార్: రెండు అంకెల్నీ 0, 1లలో రాసి, ఒకేలా ఉన్న చోట 0, తేడా ఉన్న చోట 1 వెయ్యడం. అందుకే 5కి 5 కూడితే సున్నా. గుణకారంలో 255 దాటితే 285తో ఎక్సార్ చేసి లోపలికి లాగుతారు, 128ని 2తో గుణిస్తే 29 వస్తుంది. క్యూఆర్ తయారీలో చుక్కలు పెట్టడానికి బదులు భాగహారం చేసి శేషాన్ని తగిలిస్తారు. లెక్క చేసే తీరు వేరైనా దిద్దే బలం ఒకటే.

ఇక్కడ దిద్దుబాటు గడికి కాదు, బైటుకి. బైటంటే 8 గడులు, ఎక్కువచోట్ల 2 వెడల్పు, 4 ఎత్తు. అందులో ఒక గడి చెడినా ఎనిమిదీ చెడినా ఒక తప్పే. కాబట్టి ఒకేచోట పడ్డ పెద్ద మరక కంటే చిలకరించినట్టు పడ్డ చిన్నచిన్న చుక్కలు ప్రమాదం. అదే వెర్షన్ 3, మధ్యరకం ఎమ్ స్థాయిలో ఒకటే కట్ట, దిద్దగలిగేది 13 బైట్లు. 14 వేర్వేరు బైట్లలో ఒక్కో గడి తిరగబడితే చాలు, కోడు పోయినట్టే. 560లో 14, అంటే నూటికి రెండున్నర వంతు. అవే చెరుపులు గుమికూడి పడితే 104 గడుల దాకా తట్టుకుంటుంది. ఎమ్ అంటే 15 శాతం దిద్దుతుంది, హెచ్ అంటే 30 శాతం అని చెప్పేది ఈ గుమికూడిన లెక్కే. పూజలో అక్షింతలు చల్లినట్టు కుంకుమ చల్లితే ఆ శాతాలు వర్తించవు.

నడిమధ్య బొట్టుకి కొలత చూద్దాం. 9×9 గడుల మరక బైట్ల వరసలో ఎక్కడ పడ్డా సుమారు 15 బైట్లను తాకుతుంది. వెర్షన్ 3 హెచ్‌లో అది క్షేమం, ఎమ్‌లో కాదు. చెల్లింపు కోడుల నడుమ ముందే యాప్ గుర్తు ఉంటుంది, చెరుపుకి ఉన్న వాటాలో కొంత అది తినేసింది. గుర్తు మీదే బొట్టు పెడితే కొత్త ఖర్చేమీ లేదు, పోయిన గడులే మళ్ళీ పోతాయి. గుర్తు పక్కన పెడితే అదనపు ఖర్చు. పక్క కొట్టువాళ్ళు గుర్తు మీదే పెట్టి ఉండాలి.

తుడవడం ఎలా? ముందు పొడిగుడ్డతో దులపండి. ఇంక్‌జెట్ అచ్చు కాగితమైతే నీళ్ళు తగలనివ్వకండి, సిరా కారుతుంది. యాక్రిలిక్ మీదైతే తడిగుడ్డ చాలు. పసుపు మరకను సబ్బుతో రుద్దకండి. క్షారం తగిలితే పసుపులోని కర్కుమిన్ ఎర్రబడుతుంది, పసుపులో సున్నం కలిపితే ఎర్రబడేది అందుకే. తెల్లగడి మీద తెల్లగా చలామణి అవుతున్న పసుపు, సబ్బు తగిలాక నలుపు వైపు జరుగుతుంది. మొండిగా మిగిలిన పసుపును ఎండలో పెట్టండి, రంగు దానంతట అదే వెలుస్తుంది.

అదే ఉత్తరంలో ఇంకో ప్రశ్న: ప్రతి చీరకీ కోడు చీటీ కట్టి, నేసిన తీరు, ఉతికే పద్ధతి ఒడియాలో, తెలుగులో చూపించాలని. మంచి ఆలోచన. కానీ ఆ సమాచారం కోడులోనే కుక్కకండి. తెలుగులో ఒక్కో అక్షరం, గుణింతపు గుర్తు, సున్న, అన్నిటికీ తలా మూడు బైట్లు, ఒడియాకీ అంతే. 'బరంపురం' అంటే ఏడు గుర్తులు, 21 బైట్లు. అతిచిన్న కోడైన వెర్షన్ 1లో పట్టేది గరిష్ఠంగా 17 బైట్లు, ఊరి పేరే పట్టదు! అదే పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో తొమ్మిది, హెచ్ స్థాయిలో కూడా పడుతుంది. లింకులో తెలుగు పేరు పెడితే ఇంకా ఘోరం. శాతం గుర్తులతో ఒక్కో బైటూ మూడక్షరాలై, ఏడు గుర్తులు 63 అక్షరాలవుతాయి.

కాబట్టి కోడులో పొట్టి లింకు, చివర చీర సంఖ్య. భాష ఎంచుకునేది పేజీలో. లింకంతా ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాస్తే కోడు రెండక్షరాలను 11 బిట్లలో సర్దుతుంది (బిట్టుకో గడి), చిన్నక్షరాలైతే 16 బిట్లు కావాలి. 30 అక్షరాల లింకు పెద్దక్షరాల్లో వెర్షన్ 3 హెచ్‌లో పడుతుంది, చిన్నక్షరాల్లో 33 గడుల వెర్షన్ 4 కావాలి. పేజీ పేరు భాగంలో పెద్ద, చిన్న అక్షరాలను చాలా సర్వర్లు వేరుగా చూస్తాయి, అక్కడ కూడా పెద్దక్షరాలే పెట్టించుకోండి.

ఉచితంగా కోడు చేసిచ్చే సైట్లు కొన్ని తమ లింకును మధ్యలో పెడతాయి. చందా ఆగిన రోజున అమ్మిన చీరలన్నిటి చీటీలూ మూగబోతాయి. కోడుకి గడువుండదు, ఆ మధ్యవర్తికి ఉంటుంది. లింకు మీ సొంత వెబ్‌సైటు పేరు మీద ఉండాలి.

లేబుల్ ప్రింటరు సాధారణంగా అంగుళానికి 203 చుక్కలు, అంటే మిల్లీమీటరుకి 8. గడికి సరిగ్గా 5 చుక్కలు ఇవ్వండి: గడి 0.625 మిల్లీమీటర్లు, 29 గడులకు సుమారు 18. చుట్టూ నాలుగేసి గడుల ఖాళీ అంచు కలిపి 23. ఇలాకాక 20 మిల్లీమీటర్లని చెప్పి సాగదీస్తే గడికి ఐదున్నర చుక్కలొస్తాయి, ప్రింటరు కొన్ని గడుల్ని లావుగా, కొన్నిటిని సన్నగా కొడుతుంది. బొమ్మను పీఎన్‌జీగా దాచుకోండి, వాట్సాప్‌లో ఫొటోగా పంపింది అచ్చుకివ్వకండి. ఇంత కోడుని చదివే దూరం వెడల్పుకి పదింతలు, అంటే ఒక జానెడు.

గోటితో గట్టిగా గీస్తే నల్లగీత పడే లేబులు డైరెక్ట్ థర్మల్ రకం. ఎండకీ, నూనె చేతులకీ, మెత్తటి పీవీసీ కవరుకీ అచ్చు వెలిసిపోతుంది. రిబ్బనుతో కొట్టే రకం తీసుకోండి. చీటీని పట్టుకి అంటించకండి, జిగురు దిగుతుంది. దారంతో కట్టండి.

ఈ చీటీ చీర అసలుదని రుజువు చెయ్యదు. 'బరంపురం పట్ట' అనే ఈ పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది గాని, కోడును ఫొటో తీసి మరమగ్గం చీరకి కట్టినా అంతే బాగా తెరుచుకుంటుంది. చీరకో సంఖ్య ఇచ్చి, అమ్మిన తేదీ పేజీలో కనబడేలా చేస్తే నకలును పట్టుకునే వీలు కొంత ఉంటుంది. కోడుకి ఫోను చూపించగానే ఖాతాలో డబ్బు పోతుందన్న భయం కొందరు కొనుగోలుదార్లకు ఉంది. కోడు చదివినంత మాత్రాన డబ్బు కదలదు, కదిలేది ఫోనులో చెల్లింపుకి ఒప్పుకుంటేనే. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, అడిగితే అది మోసం.

అయిదువందల చీటీలు కొట్టించే ముందు పది కొట్టించి, కవరులో పెట్టి, మీ దగ్గరున్న అతి పాత ఫోనుతో, సాయంత్రం కొట్టు లైట్ల కింద చదివి చూడండి. చీటీ మీద ఖాళీ అంచుకి బయట, పైమధ్యన, రూపాయి బిళ్ళ పట్టేంత గుండ్రటి గీత ఒకటి అచ్చు వేయించండి. బొట్టు పెట్టేవాళ్ళు వెతుక్కోకుండా అందులో పెడతారు.