పసిబిడ్డ ఎర్రమచ్చకు గుండెమందు ఎలా వచ్చింది

కావలి దగ్గర ఒక ఇంట్లో పాప కనురెప్ప మీద మినపగింజంత ఉన్న ఎర్రమచ్చ మూడు వారాల్లోనే రేగిపండంత ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయింది. గ్రహణం పట్టిందనీ, ఏడాది తిరిగితే అదే పోతుందనీ పెద్దవాళ్లు సర్దిచెప్పారు. ఆ మాటలో సగం నిజం ఉండడమే చిక్కు. హెమాంజియోమా అనే ఈ రక్తనాళాల గడ్డ చాలామంది పిల్లల్లో కొన్నేళ్లకు తనంతట తానే కరుగుతుంది. కానీ అది ఉద్ధృతంగా పెరిగేది మొదటి మూడు నెలల్లోనే, అప్పుడు కన్ను మూసుకుపోతే గడ్డ కరిగినా చూపు సరిగా రాకపోవచ్చు.

దశాబ్దాల పాటు దీనికి ప్రధానమైన మందు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడే. దానివల్ల ముఖం ఉబ్బేది, బీపీ పెరిగేది, ఎదుగుదల మందగించేది. తర్వాత వాడిన ఇంటర్‌ఫెరాన్ అనే మందు కొందరు పిల్లల కాళ్లను బిగుసుకుపోయేలా చేసింది.

ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో, ముక్కు మీది గడ్డకు స్టెరాయిడ్ వాడుతున్న బిడ్డకు గుండె కండరం మందం కావడంతో, బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ 1960లలో రూపొందించిన ప్రొప్రనొలాల్ అనే గుండెమందు ఇచ్చారు. మరునాటికే గడ్డ ఎరుపు తగ్గి ఊదారంగుకు మారి మెత్తబడడం అక్కడి వైద్యురాలు క్రిస్టీన్ లియోటే-లాబ్రెజ్ బృందం గమనించి, 2008లో ప్రకటించింది. 2015లో వెలువడిన 460 మంది శిశువుల పరీక్షలో, ఆరు నెలల పాటు మందు వాడినవారిలో 60 శాతం మందికి గడ్డ పూర్తిగానో దాదాపుగానో కరిగింది. పోలిక కోసం మందు లేని ఉత్త ద్రవం ఇచ్చినవారిలో అది 4 శాతమే.

అయితే ఈ మందు మెదడులోకి చేరుతుంది కనుక, పెద్దయ్యాక జ్ఞాపకశక్తి, చదువు ఎలా ఉంటాయన్న ఆందోళన సహజం. చిన్నప్పుడు ఇలాంటి మందు వాడి, ఆరేళ్లు దాటిన పిల్లలను నెదర్లాండ్స్‌లో పరీక్షించినప్పుడు, మొత్తం మీద వారి తెలివితేటల్లో చెప్పుకోదగ్గ లోపం కనిపించలేదు. అదే కోవకు చెందినా మెదడులోకి అంతగా చేరని అటెనొలాల్‌నూ కొందరు వైద్యులు ఎంచుకుంటున్నారు. నా దృష్టిలో తల్లిదండ్రులు ఎక్కువగా భయపడవలసింది రోజువారీ ప్రమాదానికే: బిడ్డ పాలు తాగకుండా మందు పడితే రక్తంలో చక్కెర పడిపోతుంది. కావలి పాప తల్లి పాలు పట్టాకే, సూదిలేని సిరంజిలో మందు కొలిచి బుగ్గలోకి వదిలేది; వాంతులైన రోజు ఆపి డాక్టరుకు ఫోన్ చేసేది.

మన పల్లెల్లో ఆశా కార్యకర్త కాన్పు తర్వాత 42 రోజుల్లో ఆరేడుసార్లు ఇంటికి వస్తుంది. మచ్చ ఉబ్బుతున్నదీ లేనిదీ తెలిసేది సరిగ్గా ఆ రోజుల్లోనే. తూకం చూసినట్టే ఆమె మచ్చనూ చూసి, నెల్లూరికో ఒంగోలుకో పంపాలి.