ఉప్పు పలుకులో ఎవరి జత ఎవరు? రసాయన బంధాలపై అపోహలు - వాస్తవాలు

బరంపురంలో ప్లస్‌టూ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. వాళ్లకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. అష్టక నియమం, అంటే పరమాణువు బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండాలన్న సూత్రం, ఏ భాషలో అడిగినా గడగడా అప్పజెప్పేస్తారు. ‘ఎందుకలా?’ అంటే మాత్రం తల దించుకుంటారు. తప్పు వాళ్లది కాదు, మేం చెప్పే కథలది.

అపోహ: సోడియం ఎలక్ట్రాన్‌ను ఇష్టంగా ఇచ్చేస్తుంది, క్లోరిన్ తీసుకుంటుంది, ఉప్పు తయారవుతుంది.

నేనూ చాలా ఏళ్లు ఇలాగే చెప్పాను. లెక్క వేస్తే కథ నిలబడదు. ఒక మోల్ (డజను లాంటిదే, కానీ చాలా పెద్ద లెక్క) సోడియం పరమాణువుల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ లాగడానికి 496 కిలోజౌళ్లు ఖర్చు. వాటిని క్లోరిన్ పరమాణువులు తీసుకుంటే తిరిగొచ్చేది 349. అంటే అప్పటికి 147 నష్టమే! ఇలా ఆవేశం వచ్చిన పరమాణువులు, అంటే అయాన్లు, అన్నీ బారులు తీరి స్ఫటికం కట్టినప్పుడు సుమారు 787 వస్తుంది. లాభమంతా అక్కడే ఉంది.

గంజాం జిల్లా హుమ్మా ఉప్పు మడుల కల్లుప్పు క్లాసులో ఎప్పుడూ ఉంచుకుంటాను. ఒక పలుకు నల్ల కాగితం మీద పెట్టి, భూతద్దం చేతికిస్తే చదరపు ముఖాలు కనిపిస్తాయి. మొన్న ఒకమ్మాయి దాన్ని చాకు అంచుతో తట్టింది. నున్నగా చీలింది. “సార్, మళ్లీ చదరమే!” అంది. దెబ్బకు ఒక వరుస జరిగితే ఒకే ఆవేశం ఉన్న అయాన్లు ఎదురెదురు పడి నెట్టుకుంటాయి, అందుకే ఆ చీలిక. లోపల ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు. ఇందులో ఎవరి జత ఎవరు? ఘన ఉప్పులో విడి అణువే లేదు. దాని ఫార్ములా చెప్పేది నిష్పత్తి మాత్రమే.

అపోహ: బంధం తెగితే శక్తి వస్తుంది.

బయాలజీ క్లాసు నుంచి ఎక్కువగా వచ్చే పొరపాటిది. బంధం తెంచడానికి ఎప్పుడూ ఖర్చే. ఒక మోల్ హైడ్రోజన్ అణువులను విడగొట్టాలంటే 436 కిలోజౌళ్లు పెట్టాలి. పొయ్యి మీద గ్యాస్ మండినప్పుడు వచ్చే వేడి, కార్బన్ డయాక్సైడ్‌లో, నీటిలో కొత్త బంధాలు ఏర్పడడం వల్ల వస్తుంది. పాతవి తెంచడానికి పెట్టిన దానికంటే అది ఎక్కువ, అంతే.

అపోహ: నీళ్లు మరిగితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయి.

లేదు. ఆవిరి కూడా నీరే. 18 గ్రాముల నీటిని ఆవిరి చేయడానికి సుమారు 41 కిలోజౌళ్లు చాలు. ఆ అణువులను పరమాణువులుగా చీల్చాలంటే 900 దాటుతుంది.

అపోహ: ఎనిమిది నిండితేనే బంధం.

బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఆరు ఎలక్ట్రాన్లే. నైట్రిక్ ఆక్సైడ్‌లో మొత్తం బేసి సంఖ్య. ఎనిమిదీ నిండిన జినాన్ చేతే 1962లో నీల్ బార్ట్‌లెట్ సమ్మేళనం చేయించాడు. అష్టకం మంచి గుర్తే, చట్టం కాదు.

ఇక అణువు ఆకారం. కార్బన్ డయాక్సైడ్ తిన్నని గీత, రెండు వైపుల ఆక్సిజన్లు ఎలక్ట్రాన్లను లాగే లాగుడు సరిసమానమై రద్దవుతుంది. నీరు 104.5 డిగ్రీల వంపు, అందుకే దానికి ఒక కొస ధనం, ఒక కొస రుణం. ఆ కొసలే ఉప్పులోని అయాన్లను లాగేస్తాయి. ఆ అమ్మాయి చీల్చిన ముక్కను గ్లాసు నీళ్లలో వేసి చూడమన్నాను. ముందు మూలలు గుండ్రబడ్డాయి. మూలన ఉన్న అయాన్‌కు పక్కనున్నవి మూడే మరి, ఆరు కాదు.